పెంక చల్లారకముందే

మా ఇంట్లో రొట్టెలు కాల్చే ఇనుప పెనం పొయ్యి మీద నిలకడగా కూర్చోదు. దాన్ని మేము పెంక అంటాం. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన పెంక. ఇప్పుడు దాని నడిమి భాగం ఉబ్బిపోయింది. రొట్టె వేస్తే ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. కొత్తది కొనుక్కోరాదా అని చూసినవాళ్లు అంటారు. ఇనుము ఇంకా గట్టిగానే ఉంది, గట్టిగా ఉన్నదాన్ని పారేసే గుణం నాకు లేదు. పాతదైపోయి వంగిందిలే అని వాళ్లకు చెబుతాను. అది పాతదై వంగలేదు.

నేను చదివింది ఐదో తరగతి, అదీ సగమే. అయినా ఇది నేనే రాస్తున్నాను. తప్పులుంటే మా మనవరాలు దిద్దుతుంది. అక్షరాల తప్పులు మాత్రమే.

ఖాళీగా కూర్చోవడం నాకు మొదటి నుంచీ చేతకాదు. ఇంటి చుట్టుపక్కల వాళ్లకు జొన్నరొట్టెలు చేసి ఇచ్చేదాన్ని. ఆ రొట్టెలు తిని, సిద్దిపేట పాత బస్టాండు పక్కన కూరల దుకాణం నడిపే ఆమె ఒకరోజు మా ఇంటికి వచ్చింది. కర్రీ పాయింట్ అని పెద్ద బోర్డు ఉంటుంది ఆమె దుకాణానికి. నా బిడ్డ ఈడు మనిషి. గడపలోనే నిలబడి అడిగింది.

"పెద్దవ్వా, గింత మంచి రొట్టెలు ఇంట్ల కూసోని ఎవలకు చేస్తవ్? మా దుకాణం ముంగట జాగ ఇస్త. కూరలు నావి, రొట్టెలు నీవి."

పొయ్యి, పెంక, పిండి నావి. జాగా, నీళ్లు, పైన రేకుల నీడ ఆమెవి. అమ్మిన రొట్టెల మీద జాగాకింద ఆమెకు కొంత. ఎవరి కింద ఎవరూ పనిచేయడం లేదు. అది నాకు నచ్చింది. ఒప్పుకునే ముందు షరతు పెట్టింది మాత్రం ఆమె కాదు, నేను.

"ఒక్క మాట బిడ్డా. రేపు నీకు నేను వద్దనిపించినా, నాకు నువ్వు వద్దనిపించినా, ఒక అమాసకు చెప్పాలె, మల్ల అమాస దాక ఆగాలె. నడిమిట్ల లేపుడు లేదు, లేసుడు లేదు."

ఆమె నవ్వింది. "నిన్ను నేనెందుకు లేపుత పెద్దవ్వా?"

"లేపవు తీ. అందుకే ఇప్పుడే అనుకుందాం."

బజార్లో గంపలు పెట్టుకున్న ఆడవాళ్లను రాత్రికి రాత్రి లేపేసిన దుకాణాలను నేను చూశాను. పెద్ద పొయ్యి కొనుక్కుని అక్కడికి పోయాక నన్నూ అలా లేపితే ఏం చేయాలి? ఆ భయంతో పెట్టిన షరతు అది. అది నన్ను కాపాడుతుందనుకున్నాను గానీ నన్ను కట్టేస్తుందనుకోలేదు.

మొదట బాగానే నడిచింది. తర్వాత ఆమె నా ఫొటో తీయించి, దుకాణం మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించింది. 'అవ్వ చేతి జొన్నరొట్టె' అని కింద రాయించింది. నన్ను అడగలేదు. దారిన పోయేవాళ్లు పైన బొమ్మనూ కింద నన్నూ మార్చి మార్చి చూసేవాళ్లు. ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసేవాళ్లు. చలికాలం స్వెటర్ వేసుకుంటే ఆమె వచ్చి, "అది ఇప్పు పెద్దవ్వా, ఫ్లెక్సీల ఉన్నట్టు కనవడాలె" అనేది. నాకు కోపం వచ్చి ఏదైనా అంటే దాన్నీ నవ్వులోకి తీసేది.

"పెద్దవ్వ కోపం గూడ మస్తుంటది. వీడియో పెడితే లోకమంత చూస్తరు."

ఫొటో సంగతి ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ప్లాస్టిక్ డబ్బా. జొన్నరొట్టె పెంక మీద నుంచి నేరుగా పళ్లెంలోకి పోవాలి. ఆమె మాత్రం జనం రాకముందే కొట్టి మూతడబ్బాలో పేర్చమంది. "ఎగబడే టైముల నువ్వు ఒక్కొక్కటి కొడుతుంటే జనం ఊకుంటరా?" అంది. ఆ డబ్బాలో రొట్టె చెమట పట్టి, తర్వాత బిగుసుకుపోయేది. తిట్లు మాత్రం నాకు వచ్చేవి.

"ఏమవ్వా, రొట్టె ఇచ్చినవా, చెప్పు అట్ట ఇచ్చినవా?" అన్నాడు ఒకాయన. పక్కాయన ఫ్లెక్సీ వైపు చూపించి, "పైన అవ్వ నవ్వుతుంది, కింద మనం ఏడ్సుడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పిండి పిసుకుతూ తల ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే మా మనవరాలు బజార్లో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. పొద్దంతా నిలబెట్టేవాళ్లు. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఇంటికి వచ్చేసరికి పిల్ల పాదాలు ఉబ్బి ఉండేవి. మానేస్తానని వాళ్లకు చెప్పింది. ఇంకో నెల ఉండమన్నారు, సరేనంది. రెండు మూడు రోజులు పోయాక నా దగ్గర కూర్చుని, "రేపటి సంది పోను నానమ్మా" అని ఏడ్చింది.

"ఉంట అన్నవా, అనలేదా?"

"అన్న."

"అయితే పో."

"నా కాళ్లు సూడు ఒకసారి."

"కాళ్లు సూసి మాట ఇయ్యలే గద. పో."

పోయింది. నెల పూర్తి చేసే వచ్చింది. నా మనవరాలు మాట నిలబెట్టుకునే పిల్ల అని వాడంతా చెప్పుకున్నాను. రొట్టెలు కొడుతూ కూరల దుకాణంలో కూడా గట్టిగా చెప్పాను. దుకాణం నడిపే ఆమె వినాలనే చెప్పాను.

ఆ తర్వాత వచ్చిన అమావాస్య నాడు, నేను పోతానని ఆమెకు చెప్పేశాను. ఆమె చేతిలోని గంటె ఆగిపోయింది.

"గీ టైములనా పెద్దవ్వా? కొమురవెల్లి జనం దిగేది ఇప్పుడే గద."

"అందుకే మల్ల అమాస దాక ఉంటున్న. ఉత్తగ పోతలేను."

కొంతసేపటికి వచ్చి, "మా కోడలికన్నా నేర్పిపో" అంది. సరేనన్నాను.

కోడలికి కొత్తగా పెళ్లయింది. చేతులు మెత్తన. జొన్నపిండి ముద్ద ఆ చేతుల్లో పగుళ్లు విచ్చేది. పీట మీద కొడుతుంటే రొట్టె గుండ్రంగా రాకుండా ఏదో ఊరి పటంలా తిరిగేది. అయినా ఓపిక ఉన్న పిల్ల. వేడినీళ్లతో పిండి తడపడం, అరచేతి మడమతో మెదపడం, రొట్టెను అరచేతి మీదికి ఎత్తుకోవడం, ఒక్కొక్కటే నేర్చుకుంటూ పోయింది. రొట్టెను పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో తుడుస్తాం. మొదటిసారి ఆమె గుడ్డ పిండకుండానే తుడవబోయింది. నీళ్లు జారి కాలే పెంక మీద పడి సుయ్యిమన్నాయి. నేను చెయ్యి పట్టి ఆపాను.

"ఎవలు నేర్పిండ్రే నీకు? పెంక మీద నీళ్లు సప్పుడు చెయ్యొద్దు. సచ్చిన ఇంట్ల ఇనవడే సప్పుడది, అది ఇనవడితే మనిషి పోతడంటరు."

పిల్ల భయపడి గుడ్డ గట్టిగా పిండుకుంది.

"ఇంకోటి ఇను. పొయ్యి బంద్ చేసినంక పెంక చల్లారేదాక లెవ్వొద్దు. ఎంత జల్ది ఉన్నా సరే. చల్లారినంకనే కడుగుడు, చల్లారినంకనే లేసుడు."

"ఎప్పుడు చల్లారిందో ఎట్ల తెలుస్తదవ్వా?"

"వేలు పెట్టి సూడు. తీసుకోబుద్ది కాకుంటే చల్లారినట్టు."

పున్నమి దాటాక వచ్చిన ఆదివారం. కొమురవెల్లి మల్లన్నను చూసి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, నుదుటి నిండా పసుపు బండారితో దుకాణం ముందు నిండిపోయారు. ఆమె పెనిమిటికి పొద్దున్నే గుండెలో మంట అని కొడుకు దవాఖానాకు తీసుకుపోయాడు. "ఏం లేదు పెద్దవ్వా, గ్యాస్ నొప్పి. సూపిచ్చుకోని వస్తరు" అంది నాతో. అన్నదే గానీ ఫోను చెవి మీద నుంచి తీయలేదు. ఒక చేత్తో కూరలు కట్టిస్తూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, మధ్యలో చిల్లర కోసం వెతుక్కుంటూ తిరుగుతోంది. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది. బల్ల దగ్గర ఎవరో అరిచారు. ఆమె గిర్రున తిరిగి, అందరూ వింటుండగా నన్ను అంది.

"చేతులు ఆడుతలేవా పెద్దవ్వా? అమాసకు పోయేదానివి, ఇప్పటి సందే పోయినట్టు చేస్తున్నవేంది?"

నా చేతులను అంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. మా అత్త కూడా. ఆ అత్త అనని మాట లేదు, చేతుల జోలికి మాత్రం రాలేదు. నాకు చెవులు వేడెక్కాయి. పొయ్యి ఆపేశాను.

"ఏమైంది?" అందామె.

"అమాస నీ దగ్గరనే ఉంచుకో."

"పెద్దవ్వా, జనం ఉన్నరు. ఇప్పుడు కాదు, మాపటికి మాట్లాడుదాం."

"మాట్లాడేది లేదు."

పీట సంచిలో పెట్టాను. మిగిలిన పిండి డబ్బాలోకి ఎత్తాను. అంచులకు అంటిన పిండి కూడా గీకి వేసుకున్నాను. అంత కోపంలో కూడా ఆ గీకడం మానలేదు. ఇక పెంక. అది రాత్రిపూట అక్కడే ఉండేది. కావాలంటే వదిలేసి, మర్నాడు వచ్చి తెచ్చుకోవచ్చు. మళ్లీ ఆ గుమ్మం తొక్కనని అనుకున్నాను కనుక, వదిలేసి పోవడానికి మనసు ఒప్పలేదు. చల్లారేదాకా ఆమె ముందు కూర్చోవడానికి అసలే ఒప్పలేదు. పక్కనే నీళ్ల చెంబు ఉంది. ఎత్తి పోశాను.

అది సుయ్యిమనడం కాదు. అరుపు. పొగలాంటి ఆవిరి నా మొహం మీదికి లేచింది. ఆవిరి లోపల ఇనుము టంగుమని మోగింది. బండారి పెట్టుకున్న ముసలామె ఒకతె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలు తడిగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పిల్ల అత్త చెవి దగ్గర ఫోను అలాగే ఉంది.

"పెద్దవ్వా," అంది మెల్లగా, "ఆయన దవాఖానల ఉండె."

తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. అప్పుడైనా ఒక్క మాట అనవచ్చు. పొరపాటైంది బిడ్డా అని సంచి కింద పెట్టవచ్చు. నేను పెంకను గోనెపట్టాలో చుట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. ఆటో ఎక్కలేదు, నడిచే పోయాను. పట్టాలోంచి వేడి తొడకు తగులుతూనే ఉంది. చేయి మార్చుకుంటే రెండో తొడకు తగిలేది.

ఇంటి దగ్గర మనవరాలు బట్టలు ఆరేస్తోంది. నన్నూ, గోనెపట్టానూ చూసింది.

"ఏంది నానమ్మా, అమాస జల్దొచ్చిందా ఈసారి?"

ఎకసెక్కంగానే అంది. ఎప్పుడూ నేను అనేవే కదా, నా దగ్గరే నేర్చుకుంది. నేను జరిగింది చెప్పాను. ఆమె నన్ను అన్న మాట దగ్గర మనవరాలికి కోపం వచ్చింది. నీళ్లు పోసిన దగ్గరికి వచ్చేసరికి కోపం పోయింది, చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నీళ్లు తెచ్చి ఇచ్చి, మళ్లీ పోయి బట్టలు ఆరేసుకుంది. తన కాళ్ల సంగతి ఎత్తుతుందని ఎదురుచూశాను. ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మర్నాడు కూరగాయల దగ్గర తెలిసింది. గ్యాస్ నొప్పి కాదట, గుండె. హైదరాబాదు తీసుకుపోయారట. దుకాణం మూసేశారట.

ఆ చప్పుడుకు మనుషులు పోతారని నేను నమ్ముతానా? ఎవరైనా అడిగితే నమ్మనని అంటాను. నమ్మకపోతే ఆ కోడలిని ఎందుకు తిట్టాను? పెంకను కడిగి పొయ్యి మీద పెడితే ఇటూ అటూ ఊగింది. దాన్ని తీసి గోడకు ఆనించి, మల్లన్నకు దండం పెట్టుకున్నాను. ఏమని పెట్టుకున్నానో కూడా చెబుతాను. ఆయనను బతికించు అని కాదు. అది నా మీదికి రానీయకు అని. ఆయన ఒక మనిషి, ఆమెకు పెనిమిటి, ఆ పిల్లకు మామ అనేది నాకు తర్వాత తోచింది. ముందు నా పేరే తోచింది. మనవరాలు పక్కనే ఉంది, ఏమని మొక్కినవ్ అని అడిగింది. మంచిగుండాలని మొక్కిన అన్నాను.

ఆయన బతికాడు. గుండెలో ఏదో వేసి పంపారని, ఇంట్లో మంచం మీద ఉన్నాడని, దుకాణం మళ్లీ తెరిచారని విన్నాను. విన్న రోజు అన్నం సహించింది.

అమావాస్య వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, పిండి డబ్బా, పీట సంచిలో పెట్టుకున్నాను. మనవరాలు చూసింది గానీ ఎక్కడికని అడగలేదు. పెంక తీసుకుపోలేదు. అది ఇక నలుగురి ముందు పెట్టేదిగా లేదు.

దూరం నుంచే ఫ్లెక్సీ కనిపించింది. నా బొమ్మ అలాగే నవ్వుతోంది. దాని కింద కోడలు కొత్త పెంక ముందు కూర్చుని రొట్టె కొడుతోంది. ఆ పిల్ల అత్త లోపల ఉల్లిగడ్డలు కోస్తోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

"ఎందుకొచ్చినవ్ పెద్దవ్వా?"

"ఇయ్యాల అమాస."

"అయితే?"

"ఇయ్యాల్టి దాక పని నాదే గద."

ఆమె కోసిన ఉల్లిగడ్డలు పళ్లెంలోకి తోసింది. "ఆ సప్పుడు ఇంకా నా చెవులల్లనే ఉన్నది" అంది.

"నా చెవులల్ల గూడ."

"ఆయన మంచిగనే ఉన్నడు. నువ్వేం భయపడకు."

ఆ చివరి మాట నేను మోయలేకపోయాను. ఆమె భయపడాల్సింది పోయి నాకు ధైర్యం చెబుతోంది. వయసులో చిన్నవాళ్ల ముందు తప్పైంది అని నేను ఎన్నడూ అనలేదు. ఆ మాట నోట్లో తిరగదు. ఎంతసేపు నిలబడినా, "పెంక చల్లారేదాక ఆగకపోతి" అన్నది మాత్రమే వచ్చింది.

"ఆగకపోతివి" అంది ఆమె.

నేను సంచిలోంచి పీట తీయబోయాను. "వద్దు తీ" అని ఆపింది. "కోడలికి చెయ్యి తిరిగింది. నువ్వు అట్ల కూసో. తిందువు."

నన్ను గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చోబెట్టింది. కోడలు రొట్టె వేసింది. అంచులు పగిలాయి, గుండ్రం ఇంకా రాలేదు. కానీ పెంక మీద నుంచి నేరుగా నా పళ్లెంలోకి వచ్చింది. చుట్టూ చూశాను. మూతడబ్బా ఎక్కడా లేదు. పచ్చిపులుసులో ముంచుకుని తిన్నాను.

జనం పలుచబడ్డాక కోడలు పొయ్యి ఆపింది. ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని పీట మీద అలాగే కూర్చుంది. లోపల నుంచి అత్త పిలిచింది.

"లెవ్వు పిల్లా, మామకు జావ పట్టుకపోవాలె. ఏం జేస్తున్నవ్?"

"చల్లారలే అత్తమ్మా."

"ఇంకెంతసేపు?"

"అవ్వ చెప్పింది. చల్లారినంకనే లేసుడు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చెయ్యి కడుక్కోవడానికి కూడా లేవకుండా, ఆ పిల్లతో పాటే కూర్చున్నాను. కొంతసేపటికి కోడలు పెంక మీద వేలు పెట్టి చూసింది. తీయలేదు. అప్పుడు లేచి పెంక కడిగింది. నేనూ లేచాను.

"ఎండ ఉన్నది, ఆటోల పో పెద్దవ్వా" అంది దుకాణం ఆమె. మళ్లీ రమ్మని అనలేదు.

నడిచే వచ్చాను. మనవరాలు గడపలో ఉంది.

"రొట్టెలు చేసినవా?"

"చెయ్యనియ్యలే."

"మరి గింతసేపు ఏం జేసినవ్?"

"తిన్న."

ఆమె నా చేతిలోంచి సంచి అందుకుంది.

అమావాస్య దాకా ఉన్నానని నేను ఎవరితోనూ అనలేదు. అంటే అబద్ధం. ఉండలేదా అని కూడా ఎవరూ నన్ను అడగలేదు. ఇంట్లో ఆ పెంక మీదే రొట్టెలు చేస్తున్నాను. ఊగకుండా ఒక చేత్తో పటకారు పట్టుకుని, ఇంకో చేత్తో తిప్పుతాను. మనవరాలు పచ్చిగా ఉన్న పక్క తుంచి పక్కన పెడుతుంది. ఇదివరకైతే పారేస్తున్నవేందని కేకలేసేదాన్ని.

మొన్న మనవరాలికి ఇంకో దుకాణంలో పని దొరికింది. సాయంత్రం నేను పిండి జల్లిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"నానమ్మా, మానేద్దామనుకుంటే నెల ముందుగాల చెప్పాలెనట. నెలంత ఉండాలెనట. ఒప్పుకోనా?"

ఇలాంటిది అడిగితే నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఒప్పుకుంటే ఉండాలె, ఉండనిదానివి ఒప్పుకోకు అని జల్లెడ ఆపకుండా చెప్పేదాన్ని. నోరు తెరిచాను కూడా. గోడకు ఆనించిన పెంక ఎదురుగా ఉంది.

"నీ ఇష్టం బిడ్డా" అన్నాను.

ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. నేను జల్లెడ దులుపుకుంటూ ఉండిపోయాను.